కునుకుకు ముందు

టోర్స్‌హావన్ రేవులో నాలుగింటికే చీకటి.
కంట్రోలు గదిలో హానుస్
మౌసును పట్టి ఊపుతున్నాడు,
మొరాయించిన గోడగడియారాన్ని తట్టినట్టు.

తెర మీద నోల్సోయ్ పడవ
జలసంధి నడుమ మేకు కొట్టినట్టు నిలబడింది.
కిటికీలో అదే పడవ
ఒడ్డుకు తాడు విసిరింది,
రెండు గొర్రెల్నీ, ఒక పోస్టు సంచినీ,
తడిసిన బడిపిల్లల్నీ దింపింది.

"ఊపితే కదులుతుందమ్మా. ఎందుకని నన్నడక్కు.
మూడు వారాలుగా నా కాపలా
పడవలకు కాదు, తెరకు."

మార్యున్ కోటు విప్పకుండానే కూర్చుంది.
వేసవిలో, పొద్దు గుంకని రాత్రుల్లో
తను రాసిన ప్రోగ్రామే అది.
దానికి రెండు తీగలు: ఒకటి రాడారుది, ఒకటి తెరది.
రెంటి మీదా చెరో చెవి వేసి,
ఏది మోగినా లేపమని కెర్నెల్‌కు చెప్పి
పడుకోమంది.
పని లేనప్పుడు పడుకోవడం తప్పు కాదు.
ఊరికే గిరగిరా తిరుగుతూ యంత్రాన్ని తినేసేవాటికన్నా
నిద్రపోయేవే మేలని
కుర్రవాళ్ళకు పాఠం చెప్పిందీ తనే.

రాత్రి పదకొండు. కాఫీ మీద మీగడ కట్టింది.
లెక్క తీసి చూసింది.
తీగ మీద: సున్నా.
క్యూలో: పద్నాలుగు.

పద్నాలుగు!
హానుస్ విసుగ్గా నొక్కిన మీటలన్నీ.
ఎప్పుడో, విండో వెడల్పెంతని తెరను అడిగినప్పుడు
జవాబు వెంటే కొట్టుకొచ్చి
లైబ్రరీ లోపలి అరలో సర్దుకు కూర్చున్నాయి.
ఇక తీగలో ఏం మోగుతుంది?
చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని
ఊరంతా వెతికినా కొంత నయం.
ఇది వెతకను కూడా లేదు.
చంకలో వాడు ఏడుస్తుంటే
వీధి తలుపు చప్పుడుకు చెవొగ్గి నిద్రపోయింది.

ఇంకొకటీ ఉంది. అది చూసి తనే నవ్వుకుంది.
రాడారు చెప్పిన ప్రతి కొత్త చోటునూ
బుద్ధిగా గీసింది ప్రోగ్రాం.
గీసి, సంచిలో వేసింది.
సంచి నిండలేదని పంపలేదు.
పడవ ఆగింది నీళ్ళలో కాదు,
బట్వాడా కాని ఆ సంచిలో.

మౌసు కదిపితే తీగ ఒక్కసారి ఝల్లుమనేది,
నిద్ర చెదిరేది, అర ఖాళీ అయ్యేది, సంచి వెళ్ళేది.
ముసలాయన ఇన్నాళ్ళూ చేసింది
వైద్యమేనన్నమాట, రోగం పేరు తెలియకుండా.

ఒక్క వరస చేర్చింది.
పడుకునే ముందు అడుగు: ఇంకేమైనా మిగిలాయా?
అర ఖాళీ అయితే, ఆ అడగడంతోనే సంచీ కదిలిపోతుంది.
అప్పుడూ ఏమీ లేవంటేనే కళ్ళు మూసుకో.

పచ్చ చుక్క కదిలింది, జలసంధి దాటింది.
హానుస్ చూశాడు, ఊఁ అన్నాడు,
కళ్ళద్దాలు తుడుచుకుని
లాగ్ పుస్తకంలో గాలి వేగం రాసుకున్నాడు.
కుడిచెయ్యి మాత్రం
మౌసును ఊపుతూనే ఉంది.

మార్యున్ ఏమీ అనలేదు.
మెట్లు దిగుతుంటే, కింద రేవులో
ఎవరో కట్టేసిన తాడును
రెండోసారి లాగి చూస్తున్నారు.