ఆరు రాడ్లు

చీకటి పడ్డాక గుమస్తా నీలాచలం బండి మీద వచ్చాడు.
"రేపు పదింటికి ఇనస్పెట్రొస్తాడంట.
నాలుగో అంతస్తుల రెయిలింగు నేదు.
ఆరు రాడ్లకి డబ్బులిమ్మన్నారు.
మద్దేనం దాకా నిలబడితే సాలు."

నరసన్నపేటలో వెల్డింగు చేసేవాళ్ళు పదిమంది ఉంటారు.
నన్నే ఎందుకు పిలిచాడో నాకు తెలుసు.
పాత బిల్లు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, కాదనలేను.

మిల్లు ఆపేశారు.
ఆపినా ఎలివేటర్ గొట్టాల్లోంచి
ఒక్కొక్క గింజ ఇంకా జారుతూనే ఉంది.
చెయ్యి ఆనించిన చోటల్లా తవుడు.
గోడకి తవుడు, బల్బుకి తవుడు,
బెల్టు కింద తవుట్లో ఎలక అడుగులు.
రవ్వ పడితే ఒక్క ఊపిరిలో అంటుకునే సరుకు.
అందుకని తడి గోనెలు పరవడానికి
పారమ్మని తోడిచ్చారు.
వేరే మనిషి దొరకలేదంట.

పారమ్మ మొగుడు తవిటయ్య
పోయిన పుష్యంలో ఇక్కడినుంచే పడ్డాడు.
బెల్టు మీద ఒరిగిన బకెట్టు సరిచేసి
ఎలా ఉందో చూద్దామని వెనక్కి ఒక అడుగు వేశాడు.
ఆ అడుగు కింద పలక లేదు.
అంతే, చెప్పడానికి ఇంకేమీ లేదు.
కాగితంలో "అజాగ్రత్త వల్ల" అని రాశారు.
ఎవరి అజాగ్రత్తో రాయలేదు.

ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
వాళ్ళమ్మ వీడిని పురిట్లోనే పొరుగింట్లో ఇచ్చేసి
చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుందట.
వీడు బిడ్డ కాడు, తవుడు ఖరీదు సరుకు అని
చావుకి వినపడేలా చెప్పిందట.
చావు నలభై ఒక్క ఏళ్ళు ఆ మాట నమ్మింది.

మొదటి నిలువు నిలబెట్టి
నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టాను.
టాకు అంటాం మేము.
చూడ్డానికి అతుకే. రంగేస్తే ఎవరూ పోల్చలేరు.
ఒళ్ళు ఆనితే మాత్రం
ఎండు గోగుపుల్లలా విరుగుతుంది.

పారమ్మ వచ్చి పైపు పక్కన నిలబడింది.
తన రొమ్ము దాకా వచ్చింది.
"ఆడికైతే నడుం కాడికొచ్చును" అంది.
కాసేపాగి,
"ఇదప్పుడుంటే ఆపును గాదేటి, బావూ?"

నేను నల్లద్దం ముఖం మీదికి దించుకున్నాను.

ఆరు రాడ్లు అయిపోయాయి.
బొబ్బిలి గేటు పనికని దాచినవి సంచిలోంచి తీశాను.
ఒక్కో పాదం చుట్టూ, సందు లేకుండా, పూర్తిగా.
చల్లారాక సుత్తితో పెంకు రాల్చి
మళ్ళీ ఇంకో వరస.
తిలారు వైపు గూడ్సు కూత రెండుసార్లు వినపడింది.
ఆమె గోనెలు తడుపుతూనే ఉంది.
ఒక రవ్వ గోనె దాటి ఎగిరితే
కాలితో కాదు, అరచేత్తో అణిచేసింది.

ముప్పై ఏడో రాడ్డు మొదట్లో ఆగాను.
అప్పటికి కాకులు లేచాయి.
నీలాచలం పసుపు రంగు డబ్బాతో వచ్చాడు.

ఇనస్పెక్టర్ పదకొండున్నరకి దిగాడు.
మంచివాడే. ఎన్నో ఊళ్ళకి ఒక్కడే,
కళ్ళ కింద నిద్ర వేలాడుతోంది.
నిచ్చెన రెండో మెట్టు ఎక్కి
మోకాలు పట్టుకుని దిగిపోయాడు.
తలెత్తి చూశాడు. పసుపు కనపడింది.
గడిలో టిక్కు పడింది.
ఇసక బకెట్లో కిళ్ళీ ఉమ్ములున్నాయని మాత్రం
గట్టిగా కోప్పడి,
కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

టాకులే సరిపోయేవి.
ముప్పై ఒక్క రాడ్లు నా చేతి చమురు.
ఇంట్లో చెప్పలేదు.

కేబుల్ చుట్టుకుని గేటు దాటబోతుంటే
పైన రేకు తీసిన సందులోంచి కేక.
తవిటయ్య పనిలోకి కొత్తగా వచ్చిన గుంటడు,
కోటబొమ్మాళి వాడు, పేరింకా తెలీదు,
పైపు మీద పొట్ట మొత్తం ఆనించి
సగం గాల్లోకి వంగి
టీ కొట్టు వైపు అరుస్తున్నాడు:
"రెండు టీలు! ఒకటి పారమ్మత్తకి!"

వాడు లోపలికి వెళ్ళేదాకా నిలబడ్డాను.
తిరిగినప్పుడు కనపడింది,
బనీను మీద అడ్డంగా
తడి పసుపు చార.