బల్ల మాది

బల్ల మా ఇంటిది.
అందుకని లీడర్ని నేను.
ఓట్లూ లేవు, చీటీలూ లేవు.
దొరబాబు కత్తులు తెచ్చాడు, షమీమ్ గొడుగు,
ఇమ్మానుయేలు వాళ్ళ మావయ్య తోపుడుబండి.
నాగవేణి మాత్రం వాళ్ళ నాన్నని తెచ్చింది.
భుజాన మోకు, చెవి మీద బీడీ.
పదో తరగతి పరీక్షలు రాసొచ్చిన మమ్మల్ని
ఎక్కబోయే చెట్టుని చూసినట్టు
కింద నుంచి పైకి చూశాడు వీర్రాజు.

"గెలకింతని సాయంత్రానికి చేతిలో పెట్టాల.
అరువు చెట్టెక్కదమ్మా."
లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో
మా కంపెనీ మొదటి వాక్యం అదే.

కోటిపల్లి రేవులో పంటు ఆగేచోట
ఇసక అరికాళ్ళని అట్టు పోసే వేళ
ముంజలు, డజను అరవై.
షమీమ్ కేకేస్తే ముక్తేశ్వరం ఒడ్డున
టిక్కెట్టు కోసం నిలబడ్డవాళ్ళు తలెత్తేవారు.
మొదటి వారమంతా నేను ఆజ్ఞలు జారీ చేశాను:
నువ్వు కొట్టు, నువ్వు పొట్లం కట్టు, నువ్వు చిల్లర చూడు.
"ఆయ్, చిత్తం ప్రెసిడెంటుగారండీ" అని
ఇమ్మానుయేలు వంగి దణ్ణం పెడితే
పంటు దిగేవాళ్ళు కూడా నవ్వారు.
నాగవేణి నవ్వలేదు. నా మాట వినలేదు కూడా.
దాని బొటనవేలు దూరితే
కన్నుగుడ్డంత జాగ్రత్తగా ముంజ బయటికొచ్చేది.
నేను తీస్తే పగిలి, నీళ్ళు నా మొహానే.
పదోరోజుకి
గల్లాపెట్టే, ఈగలూ నా శాఖలయ్యాయి.

మే నెల పదిహేడున పంటు ఇంజను
నడి గోదాట్లో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.
పడవ కట్టి లాక్కొచ్చారు.
మెకానిక్కు కాకినాడ నించి రావాలంట.
రేవు ఖాళీ.
మా దగ్గర పదకొండు గెలలు.
ముంజకి రేపు లేదు.

నలుగురూ నా వైపు తిరిగారు.
అంతవరకూ ఎవరూ అలా తిరగలేదు.
నాలిక తాటిపీచయింది.
తెలీదు అని చెప్పొచ్చని కూడా
అప్పుడు నాకు తెలీదు.

"వేణీ, నువ్వైతే ఏంచేస్తావే?" అన్నాను.
వేసవంతటికీ నేను చేసిన తెలివైన పని
అదొక్కటేనేమో.

"కాలవ కట్టేశారు కదా,
పూడిక తీసేవోళ్ళుంటారు" అంది.
గట్టు వెంబడి తోశాం.
చక్రం దిగబడితే గొడుగు మూసి మరీ తోశాం.
ఎండిన కాలవలో నడుం వంచిన వీపులు.
"సగం ధర" అన్నాను. నా గొంతు నాకే కొత్త.
వాళ్ళు బురదచేతులు పంచెలకి తుడుచుకుని
డబ్బులు ముందు తీసి, తర్వాత తిన్నారు.
ఏడు గెలలు పోయాయి.
నాలుగు, పొద్దుగూకాక గేదెల పాలు.

వీర్రాజుకి పదకొండు గెలలకీ లెక్కగట్టి ఇచ్చేశాను.
మిగిలింది, అయిదుగురికీ కలిపి నలభై.
"నష్టమొచ్చిందంటే సగమే తీసుకునేవోడుగా!
కూతురు కూడా పార్టనరే కదా!"
దొరబాబు కత్తి ఇసకలో విసిరి పోయాడు.
నాగవేణి నల్లబడ్డ గోళ్ళకేసి చూసుకుంది.
నేను బదులు చెప్పలేదు.
రాత్రి పక్క మీద బోలెడు బదుళ్ళు తోచాయి,
ఒక్కటీ పనికొచ్చేది కాదు.

రెండు రోజులు వాడి చోట గొడుగు నీడ పడుంది.
మూడోరోజు వచ్చి, కత్తి రాతిమీద నూరుకుని
మొదటి కాయ చెక్కాడు.
ఏమీ అడగొద్దని నేనెవరికీ చెప్పలేదు.
ఎవరూ అడగలేదు.

జూన్లో మబ్బులొచ్చాక, ముంజలు ముదిరిపోయాక
తలా పన్నెండువందల నలభై.
ఇమ్మానుయేలు వేళ్ళు తడుపుకుని నాలుగుసార్లు లెక్కపెట్టాడు.
మూడు రూపాయలు మాత్రం
అయిదుగురికి తెగలేదు.

బల్ల ఇంటికొచ్చింది.
అమ్మ నిమ్మకాయేసి తోమింది, మరక పోలేదు.
ఇప్పుడు దాని మీదే ఇంటర్ పుస్తకాలు.
రాస్తుంటే అప్పుడప్పుడూ
పెన్ను దొరబాబు గాట్లో పడి
అక్షరం వంకరపోతుంది.

మూడు రూపాయలూ జామెట్రీ బాక్సులో ఉన్నాయి.
కంపెనీవి.
ఎవరైనా అడిగితే చూపించాలి.