ముడి

ప్లేస్‌మెంట్ సెల్‌లో నా టేబుల్ కింది సొరుగులో
ఒక టై ఉంటుంది.
నీలం అని రాశారు స్టాకు పుస్తకంలో.
చూస్తే వాననీళ్ళు తాగిన సిమెంటు రంగు.

ఆ ముడి ఎవరు వేశారో తెలీదు,
నేను కాంట్రాక్టు మీద చేరేనాటికే ఉంది.
పిల్లలు తల దూర్చి బిగించుకుంటారు,
లోపలికెళ్తారు, వస్తారు, వదులు చేసి ఇచ్చేస్తారు.
విప్పరు.
విప్పితే మళ్ళీ వేసే మొనగాడు ఈ బిల్డింగులో లేడు.

దానికో రిజిస్టరు:
హాల్ టికెట్ నంబరు, తీసుకున్న టైము, ఇచ్చిన టైము.
కొందరు పన్నెండు నిమిషాల్లోనే ఇచ్చేశారు.

మొన్న మంగళవారం, తార్నాకలో మెట్రో దిగిన కంపెనీవాళ్ళు
ఇంకా చాయ్ తాగుతుండగానే
గుగులోత్ మోతీరాం వచ్చాడు. స్టాటిస్టిక్స్, రెండో సంవత్సరం.
హాస్టల్ ఇస్త్రీపెట్టె కాలర్‌ని కాస్త కాల్చింది.
టై ఆ మచ్చను కప్పింది.

"మీ గురించి చెప్పండి" అన్నారట.
పేరు, తండ్రి పేరు, తండా, మండలం, జిల్లా,
రేషన్ కార్డు దరఖాస్తు వరసలో చెప్పాడట.
"మీ బలహీనత?" అంటే
"అరచేతుల్లో చెమట సార్."
నవ్వారట. మంచిగానే నవ్వారట.

మూడో రౌండు లిస్టు గోడకి నేనే అంటించాను.
లేని పేరును వేలితో వెతికాడు
పైనుంచి కిందికి,
మళ్ళీ కిందినుంచి పైకి.

తర్వాత మెట్ల మీద కూచుని
ఏ ధ్యాసలో ఉన్నాడో, మొత్తం విప్పేశాడు.

"పోయింది సార్" అంటూ తెచ్చాడు,
పిల్లికూనను తెచ్చినట్టు రెండు చేతుల్లో.
ఉద్యోగం సంగతేమో అనుకున్నా.
ముడి సంగతి.

టేబుల్ మీద పరిచి చూశాం.
ఇన్నేళ్ళూ ముడి లోపల ఎండ చూడని జానెడు గుడ్డ
నీలం!
కొత్త ఇంకు సీసా మూత తీసినట్టు.

నా ఫోన్లో వీడియో పెట్టుకున్నాం.
అందులో మనిషి ఎడమ అంటే మనకి కుడి.
"ఇది మేం బర్రెకి వేసే ముడి సార్" అని
మూడుసార్లు తానే విప్పాడు.
నాలుగోసారి కుదిరింది గానీ
పాత చోట పడలేదు.
గొంతు కింద అడ్డంగా నీలం చార బయటే ఉండిపోయింది.

'ఇచ్చిన టైము' గడి ఖాళీగా వదిలేశాను.
గురువారం రాయదుర్గం నుంచి ఇంకో కంపెనీ వస్తోంది.
వాడిప్పుడు రోజూ లంచ్‌లో వచ్చి
వరసలో ఉన్నవాళ్ళకి కట్టడం నేర్పుతున్నాడు.

నేనూ నేర్చుకుంటున్నా.
మార్చిలో నా కాంట్రాక్టు అయిపోతుంది.