తేదీ లేని ఇరవై

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించి
మెషీన్ల పొట్టలు విప్పుతాను.
నాలుగో నంబరు ఎక్కువ తింటుంది,
ఆరో నంబరు తిన్నది కక్కేస్తుంది.
హల్ ఊరి చెమ్మంతా ఈ చిల్లరకే అంటుకుని ఉంటుంది.
రేవు పనివాళ్ల చొక్కాలు, స్టూడెంట్ల దుప్పట్లు,
ఒకసారి ఎవరిదో పెళ్లిగౌను.

పదకొండేళ్ల కిందట
ఏడు మూలల ఇరవైల దొంతరలో దొరికింది ఇది.
బొమ్మ వైపు రాణి ఉంది, ఏడాది లేదు.
బొరుసు వైపు డాలు ముక్క ఉంది, ఏడాది లేదు.
ఏప్రన్ అంచుతో తుడిచి మళ్లీ చూశాను.
లేదు.

టంకశాలలో ఒక పూట అచ్చులు కలగాపులగమయ్యాయట,
పాత ముఖానికి కొత్త వీపు.
ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.
అప్పటికి తెలిసిందల్లా
ఇది నా జాతిదని.

నన్ను బళ్లో వేసినప్పుడు
జకరయ్య మాస్టారు అడిగాడు, ఎప్పుడు పుట్టిందమ్మా అని.
"పొగాకు బేరన్లు కాల్చే నెల" అంది అమ్మ.
"ఏ సంవత్సరం?"
"మా చూడిగేదె చచ్చిన సంవత్సరం."
ఆయన పెన్ను విదిలించి
జులై ఒకటి వేశాడు.
ఆనాటి నుంచీ నేను చెల్లుతున్నాను.

నా పర్సులోంచి ఒక ఇరవై తీసి దొంతరలో పెట్టి
దీన్ని తీసుకున్నాను. లెక్క సరిపోయింది.
ఓనరు బ్రెండన్ మంచివాడు, క్రిస్మస్‌కి కేకు ఇస్తాడు.
ఇరవైకి ఇరవై ఇచ్చాను, దొంగతనం ఎట్లా అవుద్ది
అని వారానికోసారి చెప్పుకుంటాను.
కాని దొంగతనానికి
ఇన్నిసార్లు చెప్పుకోవడం దేనికో.

టీ డబ్బాలో ఇంకా ఉన్నాయి, వంకరవి, మకిలివి,
పరాయి దేశాలవి, మెషీను మింగనివి.
ఇదొక్కటే జాకెట్టు గుడ్డలో చుట్టి, విడిగా.

ఈమధ్య అంకెలు అలుక్కుపోతున్నాయి.
మొన్న ఎనభై రెండుని ఎనభై ఏడనుకున్నాను.
కొత్త అద్దాలకు నూట పది పౌండ్లు అన్నారు.
కళ్లషాపులో ఫారం నింపే పిల్ల అడిగింది, డేట్ ఆఫ్ బర్త్?
తడుముకోకుండా చెప్పాను.

పాత ఆర్కేడ్‌లో నాణేల కొట్టు.
హేథోర్న్ గారు భూతద్దం కంట్లో ఇరికించుకుని
సంతలో బెండకాయ కొన విరిచి చూసే ఇల్లాలిలా చూశాడు.
"అసలుదే. వాడకంలో గీతలు పడ్డాయి. యాభై ఐదు ఇస్తా.
శనివారం దాకా ఇదే రేటు."

యాభై ఐదంటే ఒక కంటికి అద్దం.
ఇరవై పెన్నీలు ఇంతయిపోవడానికి
అది చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే
పొరపాటున పుట్టడం.
మరి నాకెవరూ ఒక పెన్నీ ఎక్కువ కట్టలేదు.

బస్టాపులో బొమ్మా బొరుసా వేద్దామనుకున్నాను.
చేతిలో వేరే చిల్లర లేదు.
దీన్నే ఎగరేయాలి,
తన అమ్మకానికి తానే తీర్పు చెప్పుకోవాలి, పాపం.
గుప్పిట వేడెక్కిందాకా నిలబడ్డాను.
బస్సొచ్చింది.

వచ్చే నెల బ్రెండన్ కార్డు మెషీన్లు పెట్టిస్తాడట.
"నీకు పని తేలికవుతుంది, మార్తా" అన్నాడు.
పొట్టలు విప్పక్కర్లేదు, దొంతరలు పేర్చక్కర్లేదు.
ఇక అద్దాలు మాత్రం ఏం చదవడానికి?

ఇవాళ గురువారం.
షట్టరు కింద నుంచి వంగి వచ్చాడొక కుర్రాడు,
భుజాన తడిబట్టల సంచీ.
డ్రయ్యరుకి ఇరవై తక్కువైంది, ఉందా ఆంటీ?

గుడ్డ విప్పి పర్సులోనే వేసుకున్నాను కదా మొన్న కొట్టులో.
పర్సులో రెండు ఇరవైలు, రెండూ డాలు ముక్కవే.
ట్యూబులైటు కిందికి పోయి
కంటికి ఆనించుకుని తిప్పాను, ఒక్కొక్కటీ.
ఒకదాని మీద ఏడాది ఉన్నట్టే ఉంది.
రెండోదాని మీదా ఉన్నట్టే ఉంది.

కుర్రాడు చెయ్యి చాపి ఓపిగ్గా నిలబడ్డాడు.
నేను తుడిచిన నేల మీద
అతని సంచీ
చుక్క చుక్కగా కారుతోంది.