వేట నిషేధంలో పదమూడు ముక్కలు

ఏప్రిల్ పదిహేనున బోట్లన్నీ జెట్టీకి చేరి
ఒకదాని భుజం మీద ఒకటి తలవాల్చాయి.
ఐసు ఫ్యాక్టరీలో మోటార్లు ఆగాయి.
గుమాస్తాని. నాకు మిగిలింది ఒక కుర్చీ, ఒక చిట్టా,
చిట్టాలో చివరి గడి: కరిగినవి.

ఒడ్డుకెక్కించిన బోటు నీడలో
చేపలు ఏరే ఆడవాళ్లు పట్టా పరిచారు.
ముక్కలు కలుపుతోంది గరికిన నూకరత్నం.
రొయ్యలు ఒలిచి ఒలిచి ముద్రలు అరిగిపోయిన వేళ్లు,
రేషన్ షాపు మిషను గుర్తుపట్టదు వాటిని.
పేక మాత్రం గుర్తుపడుతుంది.

"రాత తెలిసినోడివి, లెక్క రాయి బాబూ."
అలా చేరాను ఆటలోకి, పెన్ను వైపు నుంచి.

నూటొకటి పూలు. పందెం అగ్గిపుల్లలు.
ముక్క ముట్టకముందే ఒగ్గేస్తే ఇరవై,
మధ్యలో ఒగ్గేస్తే నలభై,
మొండికేసి ఓడితే ఎనభై దాకా.
ఎరకమ్మ పేరు కింద అన్నీ ఎనభైలే.
నూకరత్నం పేరు కింద ఇరవై, ఇరవై, సున్నా,
మళ్లీ ఇరవై, సున్నా.
"ఒగ్గీడం నేర్చుకో ముందు," అంది నావైపు చూడకుండా.
"ఆడ్డం దానంతటదే వస్తాది."

నాలుగో రోజు నాకూ పంచింది.
పదమూడు ముక్కలు వేళ్లలో నిలవలేదు.
ఆటీను రాణి జారి
ఉప్పునీటి మడుగులో వెల్లకిలా పడింది.
అందరూ చూశారు. ఎవరూ చూడనట్టు తలలు తిప్పుకున్నారు.
హార్బర్లో మర్యాద అంటే అదే.

కింద పడేసిన ఏడు ఎత్తబోతే చెయ్యి పట్టుకుంది:
"నీకేటి తక్కువైందో ఊరంతటికీ సెప్తావేటి?
మూసిన కట్టలోంచి లాగు. రాకపోతే రాకపోనీ."

మే నెలలో మనుషులు పెరిగారు.
మూడు పేకలు కలిపి ఇరవై ఒక్క ముక్కలాట.
జోకరు పైముక్క పప్లూ, కింది ముక్క నిచ్లూ,
అచ్చం ఒకేలాంటివి మూడు పడితే టన్నెలా.
ఆ మాట అంటూ ఎరకమ్మ చప్పట్లు కొడుతుంది
కవలల పక్కన ఇంకో పిల్ల దొరికినట్టు.
నాకు ఆ ఆటలో ఇప్పటికీ తల తిరుగుతుంది.
పదమూడే నా కొలత.

ఒక సాయంత్రం నా చేతిలో నాలుగు జోకర్లు.
లోపల పొంగిపోతూ షో అన్నాను.
ముక్కలు పట్టా మీద పరిచింది, వేలితో జరిపింది,
ఒకసారి, రెండోసారి.
"ఒరిజినల్ లేదు బాబూ.
జోకరు పెట్టని వరస ఒక్కటైనా ఉండాల.
అది లేకపోతే ఇవన్నీ సెత్తే. ఎనభై రాసుకో."
రాసుకున్నాను.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరిగి వచ్చింది, వెళ్లింది.
ముక్కలు సర్దుతూ మామూలుగా అడిగింది:
"మార్చిలో మీ గోదాంలో అంత ఎండ కాసిందేటి?
నలభై దిమ్మలు కరిగాయని రాసినావంట.
బీచ్ రోడ్డు సోడాబండి మా మేనల్లుడిదే."

నేనేమీ అనలేదు.
ఆవిడ మళ్లీ పంచింది.
నా ముక్కలు ఎత్తకుండానే ఒగ్గేశాను. ఇరవై.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి ఇంజన్లు దగ్గాయి.
డీజిలు పొగలో దీపాలు ఒక్కొక్కటే గట్టు వదిలాయి.
పేకని ప్లాస్టిక్ కవరులో చుట్టి
నూకరత్నం బొడ్లో దోపుకుంది.
నా బాకీ నలభై ఒక్క పుల్లలు.
కొత్త అగ్గిపెట్టె కొని చేతిలో పెట్టాను, ఉంచుకోమన్నాను.
గంపలు ఎక్కడివక్కడ ఆపి, కూర్చుని లెక్కపెట్టింది.
"యాభై అని రాసుంది. నలభై ఏడే."
నలభై ఒకటి తీసుకుని
ఆరు వెనక్కి ఇచ్చింది, ఖాళీ పెట్టెతో సహా.

తెల్లారేసరికి ఐసు ముక్కలు కొట్టే చప్పుడు.
నా ముందు చిట్టా తెరిచి ఉంది.
షో చెప్పాలంటే
చేతిలో ఒక ముక్క ఎక్కువుండాలి, దాన్ని బోర్లా దించాలి.
మార్చి పేజీ దగ్గర పెన్ను పట్టుకుని కూర్చున్నాను,
జేబులో ఆరు పుల్లలు గలగలమంటూ.