యజమానుల గడి

ముందు కొలతలు.
ఎత్తు ఇరవై నాలుగు సెంటీమీటర్లు, వెడల్పు పదహారు,
ఆకులు నూట పన్నెండు, రెండు కోసుకుపోయినవి.
భాష లాటిన్. విషయం దైవశాస్త్రం.
ఇంతవరకూ ఫారం నన్నేమీ అనలేదు.

తర్వాత వాసన. దానికి గడి లేదు.
తడిసి ఆరిన దూడ తోలు, పొగ,
ఎక్కడో అడుగున పులిసిన ద్రాక్షసారా.

రాసినవాడు గెర్లాక్.
నలభయ్యో ఆకు అంచున కలం పదును చూసుకుంటూ
"గెర్లాక్‌కి చలి" అని రాసుకున్నాడు కనక తెలిసింది.
ఎనిమిది వందల యాభై ఏళ్ళుగా అతనికి చలే.
మోజెల్ నది వంపులో మఠం, ఉత్తరపు కిటికీ,
ఆకుకి ముప్పై ఒక్క గీత.
దూడని ఈగ కుట్టినచోట తోలుకి చిల్లు పడితే
వాక్యం ఆ చిల్లుని చుట్టి వెళ్ళింది,
దారిలో పడుకున్న కుక్కని లేపకుండా వెళ్ళినట్టు.

లోపల ఏముందంటే
పశ్చాత్తాపం మీద తొమ్మిది ప్రసంగాలు,
దేవదూతలు నిద్రపోతారా అన్న చర్చ, పోరట,
ఒక గురువుకి శిష్యులు వేసిన ప్రశ్నలు.
గురువు పేరు లేదు. ప్రశ్నలు మాత్రం బాగున్నాయి.

డెబ్భై మూడో ఆకు దగ్గర నా టీ చల్లారిపోయింది.
జ్ఞానస్నానం కాకముందే పోయిన పసికందు
ఎక్కడుంటుంది?
చీకట్లో, అంటాడొకడు, కానీ నొప్పి లేని చీకట్లో.
వెలుగే చూడనిదానికి అది చీకటని
ఎవరు చెప్పాలి, అంటాడు ఇంకొకడు.
గురువు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.
డెబ్భై నాలుగో ఆకు లేదు.
కత్తితో, శుభ్రంగా, కుట్టు వెంబడి.

ఇక చేతులు మారిన కథ.
మొదటి ఆకు మీద మఠం పెట్టిన శాపం:
దీన్ని ఎత్తుకుపోయినవాడి వేళ్ళు
ఎండిన ద్రాక్షతీగలవుగాక.
మఠం పేరు గీకేసి ఉంది. శాపం జోలికి పోలేదు.
దొంగకి చదువూ వచ్చు, భయమూ వచ్చు.
అతినీల కాంతి కింద పెడితే ఆ పేరు
నీళ్ళలో చేపలా ఒకసారి తళుక్కుమని మునిగిపోయింది.

యుద్ధపు రోజుల్లో ఒక సిపాయి
తాగిన బాకీ కింద దీన్ని సత్రం బల్ల మీద వదిలాడు.
సత్రం పీటర్ క్నాబ్‌కి లాటిన్ రాదు.
కానీ చివర నాలుగు ఆకులు ఖాళీ,
అంత మంచి తోలు ఊరికే పోనిస్తాడా?
పీపాల లెక్క రాశాడు, వడ్డీ రాశాడు,
భార్య అపొలోనియా కన్న బిడ్డల్ని రాశాడు.
ఎల్స్, కోతలప్పుడు.
నికెల్, నది గడ్డకట్టిన వారం.
తర్వాత, అదే చేతితో:
ఏప్రిల్ ఆరు. ఆడ. పొద్దుటే.
పేరు లేదు.
కింది గీతలో, రెండు పీపాలు, రావాలి.

పుస్తకం మూస్తే
గురువు ఆగిన చోటికీ ఆ ఏప్రిల్ ఆరుకీ మధ్య
దూరం తొమ్మిది మిల్లీమీటర్లు. కొలిచాను.

ఆ ఆకు ఎవరు కోశారో తెలీదు.
జాడీ మూతకో, బూటు అడుగుకో కోసి ఉంటారు.
ఒక రాత్రి ఇంకోలా అనుకున్నాను,
తెల్లారాక సిగ్గేసింది.
ఆధారం లేనిది మేం రాయం.

ఆ పైన బడిపంతులు థీలెన్, కట్టెల ధరకి కొని
"రెండు ఆకులు ముందే లేవు" అని
తన తప్పేం లేదన్నట్టు అట్ట లోపల రాశాడు.
లండన్‌లో వేలం. పెన్సిల్‌తో వేసి చెరిపిన ధర.
గోథెన్‌బర్గ్ ఓడల వ్యాపారి వ్రెట్లింద్
అలమారలో రంగు కలిసిందని కొన్నాడు, తెరిచిన గుర్తు లేదు.
ఆయన పోయాక పియానోతో పాటు మాకొచ్చింది.

యజమానుల గడిలో అందరినీ ఎక్కించాను.
పేరు తెలియని సిపాయిని కూడా, సిపాయి అని.
ఆ పిల్లకి ఇందులో ఒక గీత సొంతం కదా,
వ్రెట్లింద్‌కి అదీ లేదు.
పేరు ఖాళీగా వదిలితే తెర ఎర్రబడింది.
ఏప్రిల్ ఆరు, అని కొట్టాను.
తీసుకుంది.

చివరి గడి, స్థితి.
పర్వాలేదు. కుట్లు కొంచెం వదులు.