నాలుగు వేళ్ళ వదులు

నాగరాజుపేటలో నా కుట్టు అంగడి.
పైన మిద్దెలో ఎస్తేరు మేడం డాన్సు క్లాసు.
సాయంత్రం ఐదున్నర కాంగానే
నెత్తిన శెనక్కాయలు వేయించినట్టు మొదలైతాది.
రొంత సున్నం రాలి
జాకెట్టు ముక్కల మీద పడ్తాది. దులుపుకుంటా.

మొదట్లో తిట్టుకున్నా.
ఇంటరు పిల్లోళ్ళకి ఈ ఎగురుళ్ళేందని
గుండీలకొచ్చిన ప్రతి ఒక్కరితోనూ అన్నా.

ఆ పిల్లోళ్ళంతా నా కొలతల పుస్తకంలో ఉండారు.
ఆరో తరగతి నుంచీ యూనిఫారాలు కుట్టింది నేనే.
ఏటా జూన్‌లో నడుము అంకె కొట్టేసి
పక్కన ఇంకోటి రాసేదాన్ని.
పొద్దున ఏడుకి బస్సెక్కితే రాత్రిదాకా బెంచీయే,
ఆటల పీరియడు ఎప్పుడూ లెక్కల సారుదే.

చౌడేశ్వరికి మూణ్ణెల్లకు గానీ నెలసరి రాదు.
డాక్టరమ్మ మందు రాసి, కింద
"రోజూ గంటసేపు కదలాల" అని గీత కొట్టిందంట.
యాడ కదలాల?
రోడ్డు మీద పరుగెత్తితే పేటంతా చూస్తాది.
మిద్దెలో అయితే నాలుగు గోడలు, ఒక ఫ్యాను,
కాళ్ళ కింద మన కడప బండ.
బండ ఎవురికీ చాడీలు చెప్పదు.

తస్లీము బురఖా నా కొక్కేనికి తగిలించి పైకి పోతాది.
దిగొచ్చి నా కుండలో రెండు చెంబులు తాగతాది.
మోకాళ్ళు వణుకుతాంటాయి,
మొగం ఎర్రగడ్డ పొర మాదిరి మెరుస్తాంటాది.

పోయిన నెల ముగ్గురూ వచ్చి నిలబడినారు.
"అక్కా, చంక కాడ బిగుతు.
చెయ్యెత్తితే పట్టేస్తాంది. వదులు పెట్టు."

టేపు చేతిలోనే ఉండిపోయింది.
ఇరవై రెండేండ్లుగా కుడ్తాండా.
మెడ దించమన్నోళ్ళు ఉండారు,
నడుము పట్టించమన్నోళ్ళు ఉండారు.
చెయ్యి పైకెత్తేదానికి చోటు కావాలని
ఒక్క ఆడపిల్లా అడగలేదు.
నేనూ వదల్లేదు.

పుస్తకంలో కొత్త గడి గీసినా:
చంక, నాలుగు వేళ్ళు.

నడుము తగ్గిందా అంటే, చౌడేశ్వరిది తగ్గలేదు.
ఈ నెల వచ్చిందక్కా అని మాత్రం
చెవిలో చెప్పి పోయింది,
పరీక్ష పాసైన దాని మాదిరి.

నిన్న పై అరలో లైనింగు తాను అందుకోబోయి
చెయ్యెత్తినా.
చర్రుమనింది. నా జాకెట్టే. చంక కాడ.

సూదిలో దారం ఎక్కించినా.
పైన ఎస్తేరు మేడం "ఇంకొక్కసారి" అంటాంది,
ఫ్యాను రెక్కల మీద సున్నం రాల్తాంది.
సూది పక్కన పెట్టి
కత్తెర అందుకున్నా,
కుట్టు ఇంకా యాడిదాకా ఇప్పాలో
వేళ్ళతో కొలుచుకుంటా.